తప్పు ప్రింటైన జెర్సీకి అంత ధర ఎందుకు? పాత హాకీ జెర్సీల ముచ్చట

బస్సులో కూర్చుని చూస్తున్నారా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇవాళ్టి టాపిక్ జర వింతగా ఉంటుంది, కానీ చివర్లో మీ ఇంట్లో బీరువా దాకా వస్తుంది.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఊరి టీమ్‌కు జెర్సీలు కొట్టించారు. పార్సిల్ విప్పి చూస్తే ఒకరి పేరు తప్పు పడింది. ఏం చేస్తారు? షాపు ఆయనతో లొల్లి పెట్టుకుంటారు. ఆయన ఇంకోటి కొట్టిస్తాడు. ఆ తప్పుది మూలన పడుతుంది, కొన్నాళ్ళకు బండి తుడిచే గుడ్డ అవుతుంది. అంతే కదా?

కానీ కెనడాలో, అమెరికాలో సరిగ్గా అలాంటి జెర్సీల కోసమే వెతికేవాళ్ళు ఉన్నారు. పేరు తప్పు పడ్డది, నంబర్ వంకరగా కుట్టింది, నాలుగు మ్యాచులు ఆడి జనం నవ్వారని ఆపేసింది, అసలు గ్రౌండ్‌లోకే రాని శాంపిల్... ఇవన్నీ వాళ్ళు ఏరి ఏరి దాచుకుంటారు. ముఖ్యంగా పాత హాకీ జెర్సీలు. వీళ్ళకేమైనా పిచ్చా, లేక దీని వెనక ఒక లెక్క ఉందా? లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే రెండు లాభాలు. ఒకటి, "పాత వస్తువుకు లక్షలు" అని ఫోన్‌లో వచ్చే మోసాలకు పడరు. రెండు, మన దగ్గర నిజంగా దాచుకోవాల్సింది ఏదో తెలుస్తుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. జెర్సీ అంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆవు. ఆవుకు, ఆటగాడి అంగీకి ఒకే పేరు ఎట్లా వచ్చింది? రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి కాబట్టి. ఇంగ్లండ్‌కు, ఫ్రాన్స్‌కు మధ్య సముద్రంలో జెర్సీ అని ఒక చిన్న దీవి ఉంది. ఆ ఆవు జాతి అక్కడిదే. అక్కడ ఉన్నితో అల్లే బట్ట కూడా పేరు మోసింది. ఆ అల్లిక బట్టను జెర్సీ అన్నారు, తర్వాత దాంతో కుట్టిన ఆటగాళ్ళ అంగీకీ అదే పేరు స్థిరపడింది.

ఇంక మీకు బాగా తెలిసిన జెర్సీ, నాని సినిమా. 2019లో వచ్చింది. అందులో కొడుకు నాన్నను అడిగేది ఇండియా టీమ్ జెర్సీ. దాని ధర 500 రూపాయలు. ఆ 500 చుట్టూనే కథ తిరుగుతుంది. బట్టగా చూస్తే 500. ఆ పిల్లాడికి మాత్రం దాని విలువ వేరు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ తేడా గురించే అనుకోండి. బట్ట ధర వేరు, దాని వెనకున్న కథ ధర వేరు.

సరే, హాకీలోకి వద్దాం. మనం హాకీ అంటే మైదానంలో ఆడేది. ధ్యాన్‌చంద్ ఆడింది, మొన్న 2024 పారిస్‌లో మనకు కాంస్యం తెచ్చింది అదే. కెనడాలో హాకీ అన్నారంటే అది ఐస్ హాకీ. గడ్డకట్టిన మంచు మీద స్కేటింగ్ చేస్తూ, బంతికి బదులు పక్ అనే గట్టి నల్ల రబ్బరు బిళ్ళను కొడతారు. అక్కడి పెద్ద లీగ్ నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్ఎల్. 1917లో మాంట్రియల్‌లో మొదలైంది. వందేళ్ళు దాటింది. మనకు క్రికెట్ ఎట్లనో కెనడా వాళ్ళకు అది అట్ల. జెర్సీలు కలెక్ట్ చేసే ఈ అలవాటు ఎక్కువగా ఆ లీగ్ చుట్టూనే పెరిగింది.

పాత ఐస్ హాకీ జెర్సీలు ఎందుకంత అరుదు? మొదట్లో అవి ఉన్ని స్వెట్టర్లు. ఇప్పటికీ అక్కడి పాతతరం వాళ్ళు జెర్సీ అనరు, స్వెట్టర్ అంటారు. అప్పట్లో టీములు వాటిని ఆటగాడికి లెక్కపెట్టి ఇచ్చేవి. చిరిగితే రఫ్ఫు చేసి మళ్ళీ వాడేవాళ్ళు. ఇంకా పాతబడితే పారేయరు, కింది స్థాయి టీములకు ఇచ్చేవాళ్ళు. వాళ్ళు పాత నంబర్ ఊడదీసి తమ నంబర్ కుట్టుకునేవాళ్ళు. మన ఇళ్ళల్లో అన్న స్కూల్ డ్రెస్ తమ్ముడికి వచ్చినట్టే. అట్లా తిరిగి తిరిగి చివరికి గుడ్డపీలికలయ్యాయి. ఎవరూ దాచుకోవాలని అనుకోలేదు. అందుకే ఇవాళ మిగిలినవి కొన్నే.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్తా. కుట్టిన నంబర్‌ను ఊడదీసినా బట్ట మీద సూది రంధ్రాలు మిగులుతాయి. చుట్టూ రంగు వెలిసి, నంబర్ ఉన్నచోట మాత్రం ముదురుగా ఉంటుంది. అంటే ఇప్పుడు 14 కనిపిస్తున్నా, వెలుగుకు పట్టి చూస్తే అడుగున ఒకప్పటి 9 నీడలా కనిపించవచ్చు. కలెక్టర్లు ముందు చూసేది అదే. మామూలు కంటికి అది పాడైన జెర్సీ. వాళ్ళ కంటికి అది రెండు ఆటగాళ్ళ చరిత్ర ఉన్న జెర్సీ.

ఇప్పుడు వింత జెర్సీల కథలు రెండు చెప్తా.

మొదటిది టొరంటో మేపుల్ లీఫ్స్ టీమ్‌ది. ఆటగాళ్ళ వీపు మీద పేర్లు తప్పనిసరి అని లీగ్ 1977–78 సీజన్‌లో రూల్ పెట్టింది. టీవీలో చూసేవాళ్ళకు ఎవరు ఎవరో తెలియాలి కదా. కానీ టొరంటో ఓనర్ హెరాల్డ్ బల్లార్డ్ ఒప్పుకోలేదు. ఎందుకంటే, స్టేడియంలో ఆటగాళ్ళ పేర్లు, నంబర్లు ఉండే పుస్తకం అమ్ముతారు. పేర్లు వీపు మీదే ఉంటే ఆ పుస్తకం ఎవరు కొంటారు? పైసల లెక్క అది. లీగ్ జరిమానా వేస్తామని బెదిరించింది. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? 1978 ఫిబ్రవరిలో షికాగోలో మ్యాచ్. టీమ్ నీలం జెర్సీలో వచ్చింది. పేర్లు కుట్టించాడు, కానీ నీలం బట్ట మీద నీలం అక్షరాలతో! రూల్ పాటించినట్టే, పేరు మాత్రం ఎవరికీ కనిపించదు. తర్వాత లీగ్ ఊరుకోలేదు, ఆయన తెల్ల అక్షరాలకు రావాల్సి వచ్చింది. దీన్ని ప్రింటింగ్ తప్పు అనలేం, కావాలని చేసిన తిక్క పని. కానీ వింత జెర్సీల గురించి ఎవరు మాట్లాడినా ఈ కథ రాకుండా ఉండదు.

రెండోది న్యూయార్క్ ఐలాండర్స్ టీమ్‌ది. 1995లో పాత లోగో తీసేసి, చేతిలో హాకీ స్టిక్ పట్టుకున్న గడ్డం జాలరి బొమ్మ పెట్టారు. అది చూడగానే జనానికి అక్కడ సూపర్‌మార్కెట్‌లో అమ్మే ఒక చేప వంటకం డబ్బా మీది బొమ్మ గుర్తొచ్చింది. ఇంకేముంది, ఎదుటి టీమ్ అభిమానులు స్టేడియంలో ఆ చేప వంటకం పేరు పెట్టి కోరస్‌గా వెక్కిరించేవాళ్ళు. సొంత అభిమానులు సిగ్గుపడ్డారు. 1997కల్లా ఆ జెర్సీ పోయింది. ఇప్పుడేమైంది? అదే జాలరి జెర్సీ కోసం జనం వెతుకుతున్నారు. ఎంతగా అంటే, 2022–23 సీజన్‌లో టీమే ఆ జాలరి బొమ్మను మళ్ళీ బయటికి తెచ్చింది. తక్కువ కాలం ఉన్నది, జనం ఎక్కువ మాట్లాడుకున్నది... ఈ రెండూ కలిస్తే తర్వాత గిరాకీ పుడుతుంది.

ఇక అసలు సిసలు తప్పుల సంగతి. జెర్సీ మీద తప్పులు ఎట్లా పడతాయి? పాత పద్ధతిలో ఒక్కో అక్షరాన్ని గట్టి బట్టతో కత్తిరించి, జెర్సీ మీద పెట్టి మిషన్‌తో కుడతారు. కుట్టేది మనిషి, కుట్టించేది తొందర. ఇవాళ కొత్త ఆటగాడిని కొన్నారు, రేపు సాయంత్రం మ్యాచ్. రాత్రికి రాత్రి కుట్టాలి. అప్పుడు ఒక అక్షరం ఎగిరిపోతుంది, రెండు అక్షరాలు అటూ ఇటూ అవుతాయి, ఒక అక్షరం తలకిందులవుతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ హాకీది కాదు, బేస్‌బాల్‌ది. 2009 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నేషనల్స్ టీమ్ ఆటగాళ్ళు ఇద్దరు గ్రౌండ్‌లోకి వచ్చారు. ఛాతీ మీద ఇంగ్లీషులో టీమ్ పేరు. అందులో "ఓ" అక్షరం లేదు. "నేషనల్స్" కాస్తా "నాటినల్స్" అయిపోయింది. ఆటగాళ్ళు వేసుకునేటప్పుడు చూడలేదు, ఇచ్చినవాళ్ళు చూడలేదు. టీవీలో దేశం మొత్తం చూసింది.

ఐస్ హాకీలో అయితే తప్పులు ఏకంగా కప్పు మీదే పడ్డాయి. ఎన్‌హెచ్ఎల్ గెలిచిన టీమ్‌కు ఇచ్చేది స్టాన్లీ కప్. గెలిచినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కుతారు. 1963లో "లీఫ్స్" అని ఉండాల్సిన చోట "ఎఫ్"కు బదులు "ఇ" చెక్కారు. 1972లో బోస్టన్ పేరులో రెండు "ఓ"లకు బదులు రెండు "క్యూ"లు పడ్డాయి. 1981లో ఐలాండర్స్ పేరులో ఒక "ఎస్" ఎగిరిపోయింది. వాటిని దిద్దకుండా అట్లనే ఉంచేశారు.

సరే, మరి తప్పున్న ప్రతి జెర్సీకీ ధర వస్తుందా? రాదు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఈ ఎపిసోడ్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే. తప్పుకు విలువ లేదు. ఆ తప్పు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో జరిగిందో రుజువు ఉంటేనే విలువ.

ఒక ఉదాహరణ. 1972లో కెనడాకు, సోవియట్ యూనియన్‌కు మధ్య ఎనిమిది మ్యాచుల సిరీస్ జరిగింది. సెప్టెంబర్ 28న మాస్కోలో ఆఖరి మ్యాచ్. ఇంక 34 సెకన్లే ఉన్నాయనగా పాల్ హెండర్సన్ అనే ఆటగాడు గోల్ కొట్టాడు. కెనడా గెలిచింది. మనకు 1983 వరల్డ్ కప్ ఎట్లనో, వాళ్ళకు ఆ గోల్ అట్ల. ఆ రోజు వేసుకున్న జెర్సీని హెండర్సన్ టీమ్ ట్రైనర్‌కు ఇచ్చేశాడు. అది చేతులు మారి, 2010లో వేలానికి వచ్చి, 10 లక్షల డాలర్లకు పైనే పలికింది. బట్ట అదే బట్ట. కానీ ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో లెక్క చెప్పగలిగారు. 2022లో వేన్ గ్రెట్‌స్కీ అనే దిగ్గజం 1988లో ఎడ్మంటన్ ఆయిలర్స్ తరఫున చివరిసారి వేసుకున్న జెర్సీ 14 లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో అప్పటికి సుమారు 11 కోట్ల రూపాయలు. అక్కడ కూడా డబ్బు వచ్చింది రుజువుకే.

రుజువు ఎట్లా చేస్తారంటే, ఫొటోలతో. మ్యాచ్ ఫొటోలు తీసుకుని, చేతిలో ఉన్న జెర్సీని పక్కన పెట్టి చూస్తారు. అక్షరం అంచు జాలీ బట్టలో ఏ రంధ్రం దగ్గర మొదలైంది, మోచేతి దగ్గర రఫ్ఫు ఎట్లా ఉంది, పక్ తగిలి పడ్డ నల్ల మరక ఎక్కడుంది... ఇవి వేలిముద్రల లాంటివి. రెండు జెర్సీలకు ఒకేలా ఉండవు. మన పోలీసులు వేలిముద్రలు పోల్చినట్టే. అందుకే అక్కడి కలెక్టర్లు నిజంగా ఆడిన జెర్సీ దొరికితే ఉతకరు కూడా! చెమట మరక కూడా సాక్ష్యమే.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఐస్ హాకీలో ఆటగాళ్ళు కొట్టుకోవడం మామూలు. ఎదుటివాడు జెర్సీని తల మీదకు లాగి కొట్టకుండా, జెర్సీ లోపల వెనకవైపు ఒక పట్టీ ఉంటుంది. దాన్ని ప్యాంటుకు బిగిస్తారు. బఫెలో టీమ్‌లో రాబ్ రే అనే ఆటగాడు కొట్లాటలో జెర్సీ విప్పేసేవాడు, ఎదుటివాడికి పట్టు దొరక్కుండా. దాంతో లీగ్ ఆ పట్టీ రూల్‌ను గట్టి చేసింది. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎవరైనా ఆ కాలం తర్వాతి జెర్సీ చూపించి "ఇది మ్యాచ్‌లో ఆడింది" అంటే, కలెక్టర్ ముందు లోపల ఆ పట్టీ వెతుకుతాడు. అది లేకపోతే అభిమానుల కోసం షాపులో అమ్మినదే కావచ్చు.

ఇప్పుడు నకిలీల సంగతి. బజార్లో "అడిడాస్" అని ఉండాల్సిన చోట "అడిబాస్" అని ఉన్న అంగీలు మీరు చూసే ఉంటారు. అది కూడా స్పెల్లింగ్ తప్పే కదా, దానికీ ధర రావాలి కదా? రాదు. ఎందుకంటే అది అసలు వస్తువులో జరిగిన తప్పు కాదు, నకిలీకి పెట్టిన పేరు. అసలు ఫ్యాక్టరీలో, అసలు టీమ్ కోసం తయారవుతూ పొరపాటు జరిగితే అది అరుదు. ఇంటికొచ్చాక ఎవరైనా అక్షరం ఊడదీసి "తప్పు జెర్సీ" అని అమ్మితే అది మోసం.

ఇక్కడ మన ఫోన్లలోకి వద్దాం. వాట్సాప్‌లో, వీడియోల్లో మీరు ఇది చూసే ఉంటారు. "ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు ఉందా? లక్షలు మీవే." "786 నంబర్ నోటు ఉందా? ఈ నంబర్‌కు కాల్ చేయండి." కాల్ చేస్తే ఏమవుతుంది? "మీ నోటు ఓకే అయింది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటారు. కడితే "జీఎస్టీ కట్టండి" అంటారు. కడితే "కమిషన్" అంటారు. చివరికి నోటు మీ దగ్గరే ఉంటుంది, అకౌంట్‌లో పైసలు మాత్రం ఉండవు. దీని మీద రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేలు కొనే, అమ్మే వ్యవహారం తాము చేయమని, దాని కోసం ఎవరి నుంచీ ఫీజులు, కమిషన్లు అడగమని, తమ పేరుతో వసూలు చేయమని ఎవరికీ చెప్పలేదని స్పష్టం చేసింది.

పాత నోటుకైనా, పాత జెర్సీకైనా, తప్పు పడ్డ స్టాంపుకైనా ఒకటే సూత్రం. మీ వస్తువును నిజంగా కొనేవాడు మీకు పైసలిస్తాడు. మీ దగ్గర ముందుగా పైసలు అడగడు. అడిగాడంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే పోయి ఉంటే సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

సరే, అక్కడి ముచ్చట విన్నాం. మరి మనకేంది? మనకూ హాకీ ఉంది, మనకూ జెర్సీలు ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి ముకేశ్ కుమార్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడాడు. 300కు పైగా అంతర్జాతీయ మ్యాచులు. 2003లో పద్మశ్రీ వచ్చింది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు తొలి విజేత మన హైదరాబాద్ సుల్తాన్స్. గచ్చిబౌలిలో జరిగాయి ఆ మ్యాచులు. ఆ లీగ్ 2008తో ఆగిపోయింది. ఇక 2024 డిసెంబర్‌లో హాకీ ఇండియా లీగ్ మళ్ళీ మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ వచ్చి ఫైనల్ దాకా వెళ్ళింది. ఆగిపోయిన లీగ్ జెర్సీ మళ్ళీ తయారు కాదు. కాబట్టి మీ మామయ్యో, బాబాయో అప్పట్లో గచ్చిబౌలిలో మ్యాచ్ చూడటానికి వెళ్ళి సుల్తాన్స్ టీ-షర్ట్ తెచ్చుకుని ఉంటే, దయచేసి దాన్ని మసిగుడ్డ చేయనివ్వకండి.

ఇండియా జెర్సీని చదవడం కూడా నేర్చుకోవచ్చు. 2018 నుంచి మన జాతీయ హాకీ టీముల స్పాన్సర్ ఒడిశా ప్రభుత్వం. అందుకే జెర్సీ మీద ఆ పేరు కనిపిస్తుంది. కానీ ఒలింపిక్స్‌లో స్పాన్సర్ పేర్లకు అనుమతి లేదు. కాబట్టి ఎవరైనా "ఇది టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన జెర్సీ" అని ఒడిశా పేరున్నది చూపిస్తే, అక్కడే అనుమానించాలి. గోల్‌కీపర్ శ్రీజేష్ 16వ నంబర్‌ను 2024లో, ఆయన రిటైరయ్యాక, హాకీ ఇండియా సీనియర్ టీమ్‌లో ఇంకెవరికీ ఇవ్వమని చెప్పింది. అంటే ఆ తర్వాతి కాలపు డిజైన్ మీద సీనియర్ టీమ్ 16 కనిపిస్తే అది అభిమాని కొట్టించుకున్నదే. చూశారా, ఒక్క నంబర్, ఒక్క పేరు ఎంత కథ చెప్తాయో.

ఇప్పుడు ఇంకా దగ్గరికి వద్దాం. మన ఊరి టోర్నమెంట్ జెర్సీ. సంక్రాంతికి కబడ్డీ, ఎండాకాలంలో క్రికెట్, వాలీబాల్. ముందు టీమ్ పేరు, వెనక ఆటగాడి పేరు, కింద స్పాన్సర్ చేసిన ఎరువుల షాపు పేరు. ఇవి కూడా చరిత్రే. ఎట్లానో చెప్తా.

ఎల్లారెడ్డి టీమ్ పాత జెర్సీ ఒకటి దొరికింది అనుకోండి. దాని మీద "నిజామాబాద్ జిల్లా" అని ఉంది. తప్పు ప్రింటా? కాదు. కామారెడ్డి జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాద్ జిల్లాలోనే ఉన్నాయి. అంటే ఆ జెర్సీ వయసు ఆ ఒక్క మాటే చెప్పేసింది. అదే జెర్సీ మీద "2017" అని కూడా ఉంటే? అప్పుడది తప్పు ప్రింట్. షాపులో పాత డిజైన్ ఫైల్ తీసి సంవత్సరం మార్చారు, జిల్లా మార్చడం మర్చిపోయారు. మామూలు కంటికి పనికిరాని తప్పు. తెలిసిన కంటికి, ఒక ఊరు ఒక జిల్లాలో నుంచి ఇంకో జిల్లాలోకి మారిన రోజుల గుర్తు.

ఇంకోటి, ఇది మీరందరూ చూసిందే. తెలుగు వత్తులు విడిపోవడం. "ఎల్లారెడ్డి" అని ఫోన్‌లో చక్కగా టైప్ చేసి వాట్సాప్‌లో పంపిస్తారు. ప్రింటై వచ్చేసరికి "ఎల్‌లారెడ్‌డి" అని పడుతుంది. ఎవరి తప్పు? అక్షరాలు రాయడం రాక కాదు. ఫోన్‌లో మనం వాడేది యూనికోడ్. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో చాలా పాత వెర్షన్లకు యూనికోడ్ తెలుగు వత్తును కింద ఎట్లా పెట్టాలో తెలియదు. అందుకే డీటీపీ సెంటర్లలో పాతకాలపు ఫాంట్లలో మళ్ళీ టైప్ చేసేవాళ్ళు. తొందరలో అట్లనే కాపీ చేసి పేస్ట్ చేస్తే వత్తు ఊడి పక్కన పడుతుంది. పైగా ఇప్పటి జెర్సీలది సబ్లిమేషన్ ప్రింటింగ్. ముందు కాగితం మీద ప్రింట్ తీసి, దాదాపు 200 డిగ్రీల వేడితో పాలిస్టర్ బట్టలోకి రంగు ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కితే ఊడదీయడం కుదరదు. దిద్దుబాటు లేదు, కొత్తది కొట్టించడమే. ఈ విరిగిన వత్తుల తప్పు ఇంకొన్నేళ్ళకు కనిపించదు, సాఫ్ట్‌వేర్లు బాగుపడుతున్నాయి కదా. అప్పుడు మన పిల్లలకు చెప్పాల్సి వస్తుంది, ఒకప్పుడు మన భాష ఫోన్‌లో సరిగ్గా ఉండి, బట్ట మీద విరిగిపోయేదని. చూపించడానికి ఒక్క జెర్సీ అయినా మిగలాలి కదా.

దీనికి లక్షలు వస్తాయా అని అడగొద్దు. రావు. ఊరి టోర్నమెంట్ జెర్సీని వేలంలో ఎవరూ కొనరు. కానీ గుర్తుందా, ఐస్ హాకీ జెర్సీలు కూడా వాడుతున్నప్పుడు ఎవరికీ విలువైనవి కావు. రఫ్ఫు చేసి, కిందివాళ్ళకు ఇచ్చి, చివరికి పారేశారు. ఆటగాడి పేరు ఎవరూ రాసి పెట్టలేదు. అందుకే ఇప్పుడు దొరకవు. మనం కూడా ఇప్పుడు అదే చేస్తున్నాం. పాత బట్టలకు స్టీల్ గిన్నెలు ఇచ్చే ఆమె వాకిట్లోకి రాగానే, మొదట పోయేవి ఈ జెర్సీలే.

మరి ఏం చేయాలి? ఖర్చు లేని పని.

మీ టీమ్‌ది ఒక్కో టోర్నమెంట్‌కు ఒక్క జెర్సీ చాలు, పక్కన పెట్టండి. ముందువైపు, వెనకవైపు, మెడ దగ్గరి లేబుల్, తప్పు ఉంటే ఆ తప్పు దగ్గర నుంచి... నాలుగు ఫొటోలు తీయండి. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: ఏ సంవత్సరం, ఏ టోర్నమెంట్, ఎవరు వేసుకున్నారు, మీ దగ్గరికి ఎట్లా వచ్చింది. తప్పు ఉంటే అది ఎట్లా జరిగిందో అడిగి రాయండి. ఆ జెర్సీ వేసుకుని ఆడిన మ్యాచ్ ఫొటో ఉంటే ప్రింట్ తీసి దాంతోపాటు పెట్టండి. ఫోన్‌లో మాత్రమే ఉంచితే ఫోన్‌తోపాటే పోతుంది. ఆటగాడిని అడక్కుండా ఆయన పేరు, ఫొటో నెట్‌లో మాత్రం పెట్టకండి.

దాచడం కూడా తేలికే. ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టెతో రుద్దొద్దు, వేడికి అక్షరాలు అంటుకుంటాయి. ఎండలో ఆరేసి మర్చిపోవద్దు, రంగు వెలుస్తుంది. ప్లాస్టిక్ కవర్‌లో గాలి ఆడకుండా బిగించొద్దు, వానాకాలంలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, ప్రింట్ మీద మడత పడకుండా పెట్టండి. ఉన్ని స్వెట్టర్ అయితే హ్యాంగర్‌కు వేలాడదీయొద్దు, బరువుకు సాగుతుంది. అప్పుడప్పుడు తీసి గాలికి పెట్టండి.

కొనాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పాత జెర్సీ ఆన్‌లైన్‌లో కొనేముందు మూడు అడగండి. ఇది మ్యాచ్‌లో ఆడిందా, షాపులో అమ్మిందా? మీకు ఎవరి నుంచి వచ్చింది? లోపలి వైపు కుట్టు ఫొటో పంపగలరా? ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. జెర్సీలు ఎక్కడికీ పోవు, మీ పైసలు పోతాయి.

ఈ ఆదివారం ఇంట్లో బీరువా పైన సంచులు ఒకసారి దించి చూడండి. నాన్న స్కూల్ టీమ్‌దో, అన్న కాలేజీ టీమ్‌దో ఏదో ఒక జెర్సీ ఉంటుంది. అది ఎప్పటిదో వాళ్ళనే అడగండి, చెప్పింది రాసుకోండి. జెర్సీ మీద ప్రింట్ తప్పుంటే, ఈసారి నవ్వి పారేయకుండా అది ఎట్లా పడిందో కూడా అడగండి.